పెంటవ్వ నాలుగు సాంచలు

పెంటవ్వను చూసి ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు పాపం? ముంబై దగ్గరి భివండీలో, గైబీ నగర్‌లోని మా గల్లీలో ఇవాళ నడుస్తున్న ప్రతి సాంచ ఆమె పుణ్యాన నడుస్తోంది. సాంచ అంటే కరెంటు మగ్గం, మా వాళ్ళు ఇక్కడ ఆ మాటే అంటారు. ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళే ఆమె ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటారు. ఆమె గల్లీ మలుపు తిరిగాక మాత్రం నాలుక చప్పరించి "పాపం, పెంటవ్వ" అంటారు. సిగ్గుండాలి!

నా పేరు జమున. ఆమె కార్ఖానాలో కండెలు చుట్టినదాన్ని. అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి నూలు చుట్టి ఇస్తామే, ఆ పని. మాది జగిత్యాల వైపు, గజం భూమి లేని ఇల్లు. ఆమెది సిరిసిల్ల వైపు, పద్మశాలి ఇల్లు. ఊళ్ళో ఉంటే ఆమె గడపలోకి నేను అడుగుపెట్టేదాన్నో లేదో. ఇక్కడ మాత్రం ఒకే డబ్బాలో సద్దన్నం తిన్నాం, ఒకే దూది దుమ్ము మింగాం.

ఆమె పేరు విని మొదట్లో నేను నవ్వాను. ఆమెకు ముందు పుట్టినవాళ్ళు ఇద్దరూ పురిట్లోనే పోయారట. మూడోదైనా దక్కాలని తల్లి ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ ఎత్తుకున్నాక ఆవిడ కొంగులో చేటెడు నూకలు పోసి తిరిగి కొనుక్కుంది. అందుకని పెంటవ్వ. "నన్ను యముడే వద్దని పారేసిండు జమునా, గీ సేఠ్‌లు నన్నేం జేస్తరు?" అనేది నాతో. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఎంత ధీమా ఉండేదో నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పెళ్ళయిన ఏడాదే మొగుడు రాజలింగం వెంట భివండీ వచ్చింది. అతను పరాయివాళ్ళ సాంచల మీద నేసేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఇద్దరూ కడుపు కట్టుకుని కూడబెట్టారు. చాలకపోతే ఆమె కాళ్ళ వెండి కడియాలూ, పుస్తెలు తప్ప మెడలోని బంగారమంతా అమ్మేశారు. ముంబైలో మూతబడిన ఏదో మిల్లు నుంచి వచ్చిన పాత సాంచలు నాలుగు కొని, కిరాయికి తీసుకున్న రేకుల షెడ్డులో బిగించారు. బిడ్డ సోనాలి ఆ సాంచల చప్పుడులోనే నిద్రపోవడం నేర్చుకుంది. చప్పుడు ఆగితే లేచి ఏడ్చేదట.

తర్వాత కొన్నేళ్ళకు దగ్గు పట్టి రాజలింగం పోయాడు. దినాలైపోగానే ఇరుగుపొరుగు మగవాళ్ళు వచ్చి, సాంచలు అమ్మేసి పిల్లను తీసుకుని ఊరికి పొమ్మన్నారు. ఆడది సాంచ ముందు నిలబడి నేయడం ఎక్కడైనా ఉందా అని నవ్వారు. పెంటవ్వ కొంగు నడుముకు దోపుకుంది. "ఎందుకు నవ్వుతున్నరు? రాజలింగం చేతులకంటె నా చేతులు పొట్టిగున్నయా?" అంది. అదే రోజు మోటారు వేసి నాలుగు సాంచల మధ్య నిలబడింది. పగలు ఆమె, రాత్రిపాళీకి మా ఊరివాడే హనుమాండ్లు. అతనూ నాలాగే భూమిలేని కూలి. వారం వారం అతని చేతిలో కూలి పడ్డాకే ఆమె ఇంట్లో బియ్యం కొనేది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

నూలు ఇచ్చేది పంకజ్ సేఠ్. భివండీ పక్కన కాశేలిలో అతనికి గోదాములున్నాయి. అతనే నూలు ఉద్దెర ఇస్తాడు, అతనే బట్ట తీసుకుంటాడు. నూలు ధర అతను చెప్పిందే, బట్ట ధరా అతను చెప్పిందే. ఒక పోగు తెగి కనబడితే డ్యామేజీ అని కోత. మిగిలిందాంట్లోంచి పాత బాకీ, దాని మిత్తి, అంటే వడ్డీ. ఇంత నేసినా బాకీ ఎందుకు తగ్గదో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. అడిగితే టీ తాగిస్తాడు. అంత మర్యాదస్థుడు!

రాజలింగం చనిపోయిన ఏడు మిగతా సేఠ్‌లు ఆడదానికి నూలు ఇచ్చేది లేదన్నారు. పంకజ్ సేఠ్ ఒక్కడే ఇచ్చాడు. పెంటవ్వ ఆ మేలు మరిచిపోలేదు. మా వాళ్ళకు దసరా నాడు సాంచలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టే అలవాటు. కొత్తగా రంగు వేయించిన సాంచ మీద పేరు రాయించడం కూడా ఉంది. కొందరు పద్మశాలీల కులదైవం మార్కండేయుడి పేరు రాయిస్తారు, కొందరు పిల్లల పేర్లు. ఆపదలో ఆదుకున్న సేఠ్ ఉంటే అతని పేరు రాయిస్తారు, లారీల వెనక "యజమాని దయ" అని రాయించుకున్నట్టు. పెంటవ్వ నాలుగు సాంచల మీదా ఎర్ర రంగుతో "పంకజ్ సేఠ్" అని హిందీలో రాయించింది. పెయింటర్‌కు డబ్బులు కూడా తనే ఇచ్చుకుంది. సేఠ్ పూజకు వచ్చి అది చూసి మురిసిపోయి, పేడాల మిఠాయి డబ్బా పెట్టి పోయాడు.

రెండువేల మూడులో మా నెత్తిన పిడుగు పడింది. సాంచ బట్ట మీద కూడా ఎక్సైజు పన్ను అన్నారు. అప్పటికే కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగేట్టు ఉండేది. ఇక పన్ను కట్టి, లెక్కలు రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగి నాలుగు సాంచలవాడు బతికేదెట్లా? ఊరంతా అట్టుడికింది. మైదానంలో సభ పెట్టారు. వేదిక మీద మధ్య కుర్చీలో పంకజ్ సేఠ్. నూలు వ్యాపారీ, సాంచల యజమానీ, కూలివాడూ అందరం ఒకటే, పన్ను పోయేదాకా భివండీలో ఒక్క సాంచ నడవకూడదని మైకు పగిలేలా అరిచాడు. మేమూ చేతులెత్తి అరిచాం. పెంటవ్వ అందరికంటే గట్టిగా అరిచింది.

సాంచలు ఆగిపోయాయి. ఊరు చచ్చినట్టయింది. ఎప్పుడూ అరుచుకుంటూ మాట్లాడే అలవాటున్నవాళ్ళం, ఆ నిశ్శబ్దంలో మా గొంతులు మాకే ఎబ్బెట్టుగా వినబడేవి. వారాలు గడిచాయి. కూలివాళ్ళు మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయే రైళ్ళెక్కారు. ధామన్కర్ నాకా దగ్గర ఆడవాళ్ళ మోర్చాకు పెంటవ్వ జెండా పట్టి ముందు నడిచింది. తోపులాటలో లాఠీ తగిలి ఆమె కుడిభుజం కమిలిపోయింది. నేను వేణ్ణీళ్ళ కాపడం పెడుతుంటే నవ్వింది. "పన్ను పోతది సూడు జమునా. సేఠ్ అసుంటోళ్ళే మనతోని నిలబడ్డరు గదా!" అంది. సేఠ్ ఆ రోజు మోర్చాలో ఎక్కడా కనబడలేదని నేను అంటే నన్నే కసిరింది.

పూటకు లేని రోజులు వచ్చాయి. హనుమాండ్లుకు, నాకు ఆమె తన డబ్బాలోని బియ్యమే కొలిచి ఇచ్చింది. అవి కూడా అడుగంటాక, బాకీ సంగతి మాట్లాడదామని సేఠ్ దుకాణానికి వెళ్ళింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. సేఠ్ తెల్ల పరుపు మీద కూర్చుని చల్ల తాగుతున్నాడు. పెంటవ్వ హిందీ మా అందరి హిందీలాంటిదే, సగం తెలుగు. అయినా ఆమె అడిగింది సూటిగానే ఉంది.

"సేఠ్, నువ్వు బంద్ అంటే బంద్ జేసినం. సాంచలు ఆగినయి. మరి మిత్తి ఎందుకు ఆగలే?"

సేఠ్ గ్లాసు కింద పెట్టి మెత్తగా నవ్వాడు. "ఆందోలన్ అలగ్, ధందా అలగ్, బాయీ," అన్నాడు. ఉద్యమం వేరట, వ్యాపారం వేరట! మాకు టీ చెప్పమని పనివాడితో అన్నాడు. పెంటవ్వ టీ తాగకుండా లేచి వచ్చేసింది. ఇంటి దగ్గరికి వచ్చాక, "జెండా మోయనీకి మనం, మిత్తి తిననీకి ఆయన. మంచిగున్నది," అంది.

చివరికి సర్కారు దిగివచ్చి పన్నులో సడలింపులు ఇచ్చింది. గులాల్ చల్లారు, బ్యాండు వాయించారు, సేఠ్‌ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. ఎత్తుకున్నవాళ్ళలో మా పక్క షెడ్డు కనుకయ్య కూడా ఉన్నాడు. పెంటవ్వ కులంవాడే, ఆమెను "వదినె" అని పిలుస్తాడు. అతనివి ఆరు సాంచలు. అతనికీ అదే సేఠ్, అదే బాకీ.

గులాల్ మరకలు ఇంకా గోడల మీద ఉండగానే సేఠ్ మనుషులు బంద్ రోజుల మిత్తితో సహా బాకీ అడగడం మొదలుపెట్టారు. బంద్ చేయమన్నదీ వాళ్ళే, బంద్‌లో పని లేక బాకీ కట్టలేదని గొంతు మీద కూర్చున్నదీ వాళ్ళే. ముందుగా గల్లీ చివరి గంగాబాయి సాంచలు పోయాయి. టెంపోలో ఎక్కించి కాశేలి తీసుకుపోయి, పాత ఇనుము కింద కాటా పెట్టి అమ్మేశారు. నేసే సాంచను తూకానికి అమ్మారంటే నాకు అన్నం సహించలేదు. ఆ పూట గల్లీలో ఒక్క మగవాడు బయటికి రాలేదు. సాయంత్రం సాంచల ముందు నుంచి బయటికి వచ్చాక ఈ సంగతి తెలిసి పెంటవ్వ గల్లీ మధ్య నిలబడి అందరినీ కడిగేసింది. "పన్నుకు మస్తు ఒర్రితిరి గదరా! గంగవ్వ సాంచలు పోతుంటె నోట్ల ఏం పెట్టుకున్నరు?" అని అరిచింది. ఎవరూ తలుపు తీయలేదు.

తర్వాతి వంతు ఆమెదే. పొద్దున పాళీ మారే వేళ, హనుమాండ్లు సాంచలు ఆపి నూనె పోస్తుండగా టెంపో, దాని వెనకే ఒక స్కూటరు వచ్చి ఆగాయి. సేఠ్ తమ్ముడి కొడుకు రితేష్, కోర్టు అమీను, పానాలు పట్టుకున్న ఫిట్టర్లు ఇద్దరు దిగారు. అమీను చేతిలో కాగితం. బడికి పోబోతున్న సోనాలి దాన్ని తీసుకుని చదివింది. అది మరాఠీ బడి పిల్ల.

"అమ్మా, సాంచలు ఆప్‌లీ నాహీత్ అంటున్నరే! మనయి కావంట. అవన్ని సేఠ్‌యే అంట, మనకు నడుపుకోనీకి ఇచ్చిండంట. వాపస్ తీస్కపోనీకి కోర్టు ఆర్డర్ ఇచ్చింది."

"నా కడియాలు అమ్మి కొన్న సాంచలు వానియి ఎట్లయితయే?" అంది పెంటవ్వ.

రితేష్ నవ్వుతూ సాంచ మీద వేలు పెట్టి చూపించాడు. ఎర్ర రంగులో పంకజ్ సేఠ్ పేరు. నాలుగింటి మీదా ఉంది. ఎవరి పేరు ఉంటే వాళ్ళదే కదా సాహెబ్ అన్నాడు అమీనుతో. ఫోటోలు కూడా తీసి కోర్టుకు ఇచ్చారట. పండగ పూట దండం పెట్టి రాయించుకున్న పేరు! దానికి పేడాలు పెట్టి మరీ పోయిన మనిషి! నా రక్తం ఉడికిపోయింది. థూ, వాడి బతుకు చెడ! పెంటవ్వ మాత్రం ఆ పేరు వైపు ఒక్క క్షణం చూసి, మొహం తుడుచుకుంది.

"హనుమాండ్లూ, మోటర్ ఎయ్యి," అంది.

హనుమాండ్లు మోటారు వేశాడు. ఆమె ఒక్కో సాంచ హ్యాండిల్ లాగుతూ పోయింది. నాలుగూ కదిలాయి. షెడ్డు దద్దరిల్లింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పనివాళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఒకరు నడుపుతున్న సాంచను ఇంకొకరు ఆపరు. ఎంత పగ ఉన్నా నడుస్తున్న సాంచ హ్యాండిల్ మీద పరాయి చెయ్యి పడదు. అన్నం తింటున్నవాడి చెయ్యి పట్టుకున్నంత తప్పు అది. పానాలు పట్టుకొచ్చిన ఫిట్టర్లూ సాంచల మధ్య పుట్టి పెరిగినవాళ్ళే. ఇద్దరూ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. రితేష్ ఆపమని అరిచాడు. వాళ్ళలో పెద్దవాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆగిన సాంచ అయితె ఇప్పుతం. నడిచే సాంచను ముట్టం సేఠ్," అన్నాడు హిందీలో.

రితేష్ తనే ముందుకు రాబోయాడు. పుట్టినప్పటి నుంచి నూలు అమ్ముకుని తిన్నవాడికి హ్యాండిల్ ఏ వైపు తోస్తే సాంచ ఆగుతుందో కూడా తెలియదు. నాడె ఫట్ ఫట్ మని కొడుతుంటే ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. నాకు అంత కోపంలోనూ నవ్వు వచ్చింది. అమీను నడివయసు మనిషి, తొందరేమీ లేదన్నట్టు స్టూలు మీద కూర్చున్నాడు. సాంచ మీద నూలు అయిపోతే ఎట్లాగూ ఆగాల్సిందే కదా అన్నాడు.

అదీ నిజమే. ఆ భయమే మమ్మల్ని తినేస్తోంది. పెంటవ్వ నేస్తూనే ఉంది. చేతులు నొప్పెడితే హనుమాండ్లు అందుకున్నాడు, అతను రాత్రంతా నిద్రలేనివాడు. నేను వేళ్ళు కాలేలా కండెలు చుట్టాను. సోనాలి బడి మానేసి నాకు అందించింది. మధ్యాహ్నానికి కనుకయ్య అడ్డగోడ మీద నుంచి కండెల డబ్బా ఒకటి దించాడు. మొహం చూపించలేదు, డబ్బా మాత్రం వచ్చింది. అందులో ఉన్నది పంకజ్ సేఠ్ నూలే. పెంటవ్వ ఆ కండెను నాడెలో పెడుతూ, "నీ నూలుతోనే నేస్తున్న రా అయ్యా, మంచిగ సూడు," అని రితేష్ వినేలా అరిచింది. అతనికి తెలుగు రాదు. అయినా మొహం మాడ్చుకున్నాడు.

మూలనున్న సాంచ మీద నూలు పలచబడుతోంది. ఆమె దాని వైపు చూడటం మానేసింది. ఆ నాలుగు పోతే ఆమెకు భివండీలో ఏమీ లేదు. ఊళ్ళోనూ ఏమీ లేదు. షెడ్డు వెనకున్న గది కూడా సాంచలు ఉన్నన్నాళ్ళే. సోనాలిని బడి మాన్పించి కండెలకు పెట్టాల్సి వస్తుందేమోనన్న భయం ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. ఆ పూట ఆ పిల్ల నా పక్కన కూర్చుని అదే పని చేస్తోంది.

రితేష్‌కు ఓపిక నశించింది. స్కూటరెక్కి ఎటో పోయి వచ్చాడు. అతను తిరిగొచ్చిన కాసేపటికి కరెంటు పోయింది. ఏ వైర్‌మన్ చేతిలో ఏం పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. నాలుగు సాంచలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెంటవ్వ చేతులు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి. "అబ్ ఖోలో," అన్నాడు రితేష్. ఇక విప్పండి అని.

కానీ వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. మా ఒక్క షెడ్డుకే వేరే తీగ లేదు కదా! కరెంటు పోయింది గల్లీ మొత్తానికి. అన్ని షెడ్లలో సాంచలు ఆగాయి. నేసేవాళ్ళది మీటరుకు ఇంత అని కూలి. సాంచ ఆగితే వాళ్ళ పొట్ట ఆగినట్టే. బంద్‌లో వారాల తరబడి పస్తులుండి ఇప్పుడిప్పుడే నాలుగు మెతుకులు తింటున్నవాళ్ళు. ఫ్యూజు పోయిందేమోనని ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నెత్తి మీద, కనుబొమల మీద దూది. తెలుగువాళ్ళు, యూపీ ముసల్మాన్లు, బీహారువాళ్ళు. గల్లీ నిండిపోయింది.

"లైట్ కిస్నే కాటా?" అని ఎవరో అరిచారు, కరెంటు ఎవడు తీశాడని.

సోనాలి గడప మీదికెక్కి హిందీలో, మరాఠీలో అంతా చెప్పేసింది. ఎంత గొంతు ఆ పిల్లది! గంగాబాయి సాంచలు తూకానికి పోయిన సంగతీ చెప్పింది, బంద్ రోజుల మిత్తి సంగతీ చెప్పింది. మొదట గంగాబాయే పోయి టెంపో ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. తర్వాత ఆడవాళ్ళందరం కూర్చున్నాం. మగవాళ్ళు షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ఒకరిని కొట్టలేదు, ఒక రాయి వేయలేదు. ఫిట్టర్లు పానాలు టెంపోలో పడేసి మాలో కలిసి నిలబడ్డారు. రితేష్ స్కూటరు వదిలేసి ఏ సందులోంచి పోయాడో ఎవరూ చూడలేదు. అమీను మాత్రం నెమ్మదిగా లేచి, జనం వల్ల జప్తు కుదరలేదని కాగితం మీద రాసుకున్నాడు. పెంటవ్వను మంచినీళ్ళు అడిగి తాగి, మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్ళిపోయాడు. ఖాళీ టెంపో వెనక్కి పోయింది. కరెంటు వచ్చాక గల్లీలో సాంచలన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఆ చప్పుడంత కమ్మటి చప్పుడు నేను పుట్టాక వినలేదు.

రెండు రోజులకు కనుకయ్య సేఠ్ మాట మోసుకొచ్చాడు. కోర్టు కేసు వెనక్కి తీసుకుంటాడట. పెంటవ్వ బాకీ మాఫ్ చేసి, మళ్ళీ నూలు ఇస్తాడట. ఆమె చేయాల్సింది ఒక్కటే. గల్లీవాళ్ళను నోరు మూసుకుని బంద్ మిత్తి కట్టమని ఆమే చెప్పాలి.

"అందరికి మాఫ్ జేస్తడా?" అని అడిగింది పెంటవ్వ.

"అందరికెట్ల జేస్తడు వదినె? నీకొక్కదానికి. ఒప్పుకో. బిడ్డ ఉన్నది నీకు."

"మరి నీకు, గంగవ్వకు?"

కనుకయ్య నేల చూపులు చూశాడు. ఆమె పొయ్యి మీద అన్నం దించుతూ, "గల్లీ గల్లీ నా కోసం కూసున్నదిరా. నేను లేచి సేఠ్ దిక్కు కూసుంటనా? పో, ఒప్పుకోనని చెప్పు," అంది. నేనక్కడే ఉన్నాను. ఒప్పుకో అక్కా అని నా నోటి దాకా వచ్చింది, కానీ ఆమె మొహం చూసి అనలేకపోయాను.

ఈసారి వాళ్ళు తెలివిగా వచ్చారు. గల్లీకి రెండు వైపులా పోలీసులు. కరెంటు తీయలేదు. పనిలోంచి బయటికి వస్తే పేరు కేసులో రాస్తామని ముందే షెడ్డు షెడ్డుకూ చెప్పిపోయారు. మిగతా షెడ్లలో సాంచలన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడులో పెంటవ్వ ఎంత అరిచినా ఎవరికీ వినబడేది కాదు. ఆమె అరవలేదు కూడా. వాళ్ళు ముట్టుకోకముందే కత్తెర తీసుకుని, సగం నేసిన బట్టను తనే కోసి, మడత పెట్టింది. పరాయివాడు నా నూలు తెంపొద్దు అంది. సాంచలు ఒక్కొక్కటే టెంపో ఎక్కాయి. ఎక్కడి నుంచి తెచ్చారో, మా పట్టింపు ఎరగని కొత్త మనుషులు, బోల్టులు ఊడకపోతే సుత్తెలతో పగలగొట్టారు. నేను గుక్కపట్టి ఏడ్చాను. దుఃఖం కాదు అది, కోపం. చేతిలో ఏమీ లేని కోపానికి ఏడుపు తప్ప ఇంకేం వస్తుంది?

ఆ నెలాఖరులోనే సేఠ్‌ల దళారి ఒకడు షెడ్డు షెడ్డుకూ తిరిగి చెప్పాడు. బంద్ రోజుల మిత్తి సేఠ్‌లు అందరూ వదిలేశారట. జప్తులు ఇక ఉండవట. మళ్ళీ ఎక్కడ గల్లీకి గల్లీ రోడ్డెక్కుతుందోనని వాళ్ళకు వణుకు పట్టింది. అంతే తప్ప దయా కాదు, ధర్మమూ కాదు. మా గల్లీలో జిలేబీలు పంచుకున్నారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. మోరీలో పడేశాను.

పెంటవ్వ గది ఖాళీ చేసి గంగాబాయి ఇంట్లో ఒక మూలకు చేరింది. పని కోసం షెడ్లు తిరిగింది. సాంచ నడపడంలో ఆమెకు సాటివాళ్ళు గల్లీలో లేరని అందరికీ తెలుసు. అయినా ఒకడు రేపు రమ్మన్నాడు, ఒకడు ఆడవాళ్ళను పెట్టుకునేది లేదన్నాడు, ఒకడు ఊళ్ళో లేనని లోపల నుంచే చెప్పించాడు. చివరికి కనుకయ్య దగ్గరికి వెళ్ళింది. అప్పటికి నేను అతని షెడ్డులోనే కండెలు చుడుతున్నాను.

"వదినె, ఏమనుకోకు," అన్నాడు కనుకయ్య గుమ్మంలోనే. "నిన్ను పెట్టుకుంటె సేఠ్‌కు కోపమొస్తది. నూలు బంద్ జేస్తడు. పిల్లలు గల్లోన్ని."

నేను లేచాను. నోటికి వచ్చినన్ని తిట్టబోయాను. నీ ఆరు సాంచలు ఎవరి పుణ్యాన నిలిచాయిరా అని అడగబోయాను. పెంటవ్వ చేత్తో నన్ను ఆపింది. కనుకయ్యను పక్కకు జరిపి లోపలికి నడిచింది. నేసేవాడు రాక రెండు సాంచలు ఆగి ఉన్నాయి. కొంగు నడుముకు దోపుకుంది. తెగిన పోగు ఒకటి ముడివేసి, హ్యాండిల్ లాగింది. రెండోదీ లాగింది. రెండు సాంచలూ కదిలాయి.

"ఇగ ఆపు నీకు దమ్ముంటె," అంది వెనక్కి తిరగకుండానే.

కనుకయ్య చెయ్యి ముందుకు వచ్చి ఆగిపోయింది. నడుస్తున్న సాంచ. మిగతా నేసేవాళ్ళంతా తలెత్తి అతని చెయ్యి వైపే చూస్తున్నారు. అతను ఆ చెయ్యి జేబులో పెట్టుకుని బయటికి పోయాడు.

వారం ఆఖరున కూలి పంచే వేళ అందరితోపాటు ఆమే వచ్చి వరుసలో నిలబడింది. కనుకయ్య నోట్లు తీసి, నేల వైపు చూస్తూ ఆమె ముందు చెయ్యి చాపాడు. పెంటవ్వ తీసుకోలేదు.

"బిచ్చమేస్తున్నవా? తలెత్తి ఇయ్యి," అంది.

అందరం చూస్తున్నాం. కనుకయ్య తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె మొహంలోకి చూసి ఇచ్చాడు, ఆమె లెక్కపెట్టుకుని తీసుకుంది.